రెండు గదులు, ఆరు ఫ్రిజ్‌లు

పదకొండు దాటి నాలుగు నిమిషాలు. ఫౌండర్లిద్దర్నీ పక్కన పెడితే ఈ కంపెనీలో డెబ్భై రెండు మందిమి. అందులో నలభై మంది నీలం గదిలో ఉన్నారు, ముప్ఫై ఒక్కరు పచ్చ గదిలో ఉన్నారు, నేను నా కుర్చీలో ఉన్నాను. రెండూ అద్దాల గదులే, హాలుకి ఆ చివర ఒకటీ ఈ చివర ఒకటీ. మధ్యలో ఖాళీ బల్లలు, మూయని కంప్యూటర్లు, ఎవరో సగం తాగి వదిలేసిన కాఫీ, కుర్చీల వీపులకి వేలాడుతున్న స్వెట్టర్లు, గోడ వారగా ఆరు ఫ్రిజ్‌లు, ఆరో ఫ్రిజ్ పక్కన నేను. ఫ్రిజ్‌లు వంతులేసుకున్నట్టు మూలుగుతున్నాయి. మూడోది మాత్రం మధ్యమధ్యలో ఆగి దగ్గుతుంది. నిన్న సాయంత్రం ఆరింటికి అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి, రేపు పదకొండింటికి ముఖ్యమైన మాట, ఫలానా గదిలో, అని. అందరూ పక్కవాళ్ళ ఫోన్లలోకి తొంగి చూశారు. నీదేది, నాది పచ్చ, నాది నీలం, మరి ఆయనది, అంటూ ఒకటే గుసగుస. నా ఫోను మోగలేదు. సైలెంట్‌లో ఉందేమోనని చూశాను, లేదు. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. కూరగాయల దుకాణం వాళ్ళ ఆఫరొకటి వచ్చింది.

నెత్తి మీద లైటు ఆరిపోయింది. ఈ హాల్లో లైట్లకి కళ్ళున్నాయి, కింద మనిషి కదులుతున్నట్టు కనబడకపోతే పది నిమిషాలకి వాటంతటవే ఆరిపోతాయి. మిగతావాళ్ళకి ఈ సంగతి తెలియను కూడా తెలియదు, ఎందుకంటే వాళ్ళు ఎప్పుడూ లేస్తూ కూర్చుంటూ ఎవరినో పిలుస్తూ ఉంటారు. నాకు తెలుసు. చెయ్యి పైకెత్తి ఊపుతాను, వెలుగుతుంది. రోజుకి ఎన్నిసార్లు ఊపుతానో నాకే గుర్తుండదు, అలవాటైపోయింది, దోమని తోలినట్టు. ఇప్పుడూ ఊపాను. వెలిగింది. నీలం గదిలోంచి ఎవరైనా చూసి ఉంటే నేను వాళ్ళని పిలుస్తున్నానని అనుకుని ఉండాలి, కానీ ఎవరూ ఇటు చూడటం లేదు, అందరూ పెద్దబ్బాయినే చూస్తున్నారు. పెద్దబ్బాయంటే పెద్ద ఫౌండరు, ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. చిన్నబ్బాయంటే రెండో ఫౌండరు, ఇంకో ఏడాది తక్కువ. ఈ పేర్లు ఇక్కడే పనిచేసే అక్క పెట్టింది. ఇద్దర్నీ అలా అంటుంటే మన ఇంట్లో పిల్లలు ఏదో ఆడుకుంటున్నట్టుంటుందిరా, భయం ఉండదు, అంటుంది. ఇప్పుడు పెద్దబ్బాయి నీలం గదిలో చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నాడు. చిన్నబ్బాయి పచ్చ గదిలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఏ గది దేనికన్నది రాత్రంతా ఎవరికీ తేలలేదట. పచ్చ గదికి పిలుపొచ్చినవాళ్ళలో చిన్నబ్బాయి కాలేజీ స్నేహితుడున్నాడు, కాబట్టి పచ్చవాళ్ళే ఉద్యోగంలో ఉండేవాళ్ళు అని కొందరు. నీలం గది పెద్దది కాబట్టి పెద్ద గదిలో పెట్టి పంపించేస్తారు అని కొందరు. నాకు మాత్రం ఇవాళ పదకొండుకి పది నిమిషాల ముందే తెలిసిపోయింది. పిలుపులు పంపే అమ్మాయి, అంటే ఉద్యోగుల వ్యవహారాలన్నీ చూసే అమ్మాయి, పచ్చ గదిలోకి వెళ్ళి బల్ల మధ్యలో టిష్యూ డబ్బా పెట్టింది. పెట్టి, సరిగ్గా మధ్యలో లేదనిపించిందేమో, కొంచెం జరిపింది. నీలం గదిలో నీళ్ళ సీసాలు మాత్రమే పెట్టింది. అక్క అప్పుడే రెండో ఫ్రిజ్ తలుపు వేసి, చేతులు తుడుచుకుంటూ పచ్చ గది వైపు నడిచింది. నేను చెప్పొచ్చు. అక్కా, లోపల టిష్యూలున్నాయి, అని. చెబితే ఏమవుతుంది, వెళ్ళడం మానుతుందా? మానదు. ఊరుకున్నాను. అద్దంలోంచి ఆమె ఆ డబ్బా చూడటం చూశాను. కుర్చీ లాక్కుని కూర్చుంది, డబ్బాకి దూరంగా.

నిన్న సాయంత్రం అడిగింది, నీదే గదిరా అని. నీలం అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఏ గదీ కాదు అని చెప్పడానికి సిగ్గేసింది. ఊళ్ళో అందరికీ పెళ్ళి శుభలేఖ వచ్చి మనకి రాలేదని చెప్పుకున్నట్టు అనిపించింది. పోనీలే, ఇద్దరం చెరో గదీ అయితే ఒకళ్ళమైనా ఉంటాం, అంది. ఈ ఉద్యోగం వేయించిందే అక్క. అక్క అంటే తోడబుట్టింది కాదు. నేను పదిహేనేళ్ళు పనిచేసిన పాత కంపెనీలో పక్క సెక్షన్లో స్విచ్చులు పరీక్షించేది, నాకన్నా నాలుగేళ్ళు పెద్దది, అందరికీ అక్కే. ఆ కంపెనీ మూతపడ్డాక ఆమెకి నాలుగు నెలల్లో ఇక్కడ దొరికింది. నాకు పద్నాలుగు నెలలు ఎక్కడా దొరకలేదు. కాళ్ళరిగేలా తిరగడానికి ఇప్పుడు ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు, ఇంట్లో కూర్చునే తిరగొచ్చు. అప్లికేషన్ నొక్కిన రెండు నిమిషాలకే జవాబొచ్చేది, మీ వివరాలు ఎంతో శ్రద్ధగా చదివాం, ప్రస్తుతానికి, అంటూ. రెండు నిమిషాల్లో ఎంత శ్రద్ధగా చదివారో. ఒకబ్బాయి వీడియోలో అడిగాడు, ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు అని. తెర మూలన నా ముఖం నాకే చిన్నగా కనబడుతోంది, దాన్నే చూస్తూ ఉండిపోయాను. అతను లైను తెగిందనుకుని పెట్టేశాడు.

పద్నాలుగో నెలలో అక్క ఫోను. మా దగ్గర ఒక ఖాళీ ఉంది, పాల వాసన పట్టే యంత్రం చేస్తున్నారు, నీకు సర్క్యూట్లు తెలుసు కదా, గడ్డం గీసుకుని రా, అంది. కంపెనీ చేసేది ఒక చిన్న డబ్బా. ఫ్రిజ్‌లో పెడితే లోపల ఏది ఎప్పుడు పాడవుతుందో ఫోనుకి చెబుతుంది. పాలు రేపటికి విరుగుతాయి, టమాటాలు ఇవాళే వాడేయండి, అంటుంది. ఉద్యోగానికి ముందు నాలుగు రోజుల పరీక్ష ఇచ్చారు, ఇంట్లో పాలు పులియబెట్టుకుని అంకెలు రాసి పంపాను. తర్వాత పెద్దబ్బాయి ఇంటర్వ్యూ. వాళ్ళ దగ్గర మామూలు కుర్చీలు లేవు ఆ గదిలో, బీన్ బ్యాగులు, పెద్ద పెద్ద మూటల్లాంటివి, కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఈ లోకాన్ని ఎలా మార్చాలనుకుంటున్నారు అని అడిగాడు. ఆహారం వృథా కాకుండా, అని ఏదో అన్నాను. సరే అని లేచాడు. నేను లేవబోతే లేవలేకపోయాను. చెయ్యి చాచాను, లేపుతాడని. అతను దాన్ని పట్టుకుని గట్టిగా ఊపి, వెల్కమ్ అన్నాడు. అలా వచ్చింది ఉద్యోగం. ఆ తర్వాత పక్కకి దొర్లి, నేల మీద చెయ్యానించి లేచాను, అప్పటికి అతను గదిలో లేడు.

అద్దం అవతల ఎవరో టిష్యూ లాగారు. చిన్నబ్బాయి కాలేజీ స్నేహితుడే. ఒకటి లాగితే మూడొచ్చాయి, రెండు మళ్ళీ లోపలికి కుక్కడానికి తంటాలు పడుతున్నాడు. మాట వినబడదు కాబట్టి బొమ్మలాట చూస్తున్నట్టుంది. జాలి పడాలి కదా, అని నాలోకి నేను చూసుకున్నాను, డబ్బాలో పంచదార ఉందో లేదో మూత తీసి చూసినట్టు. లేదు. భయం ఉందా? అదీ సరిగ్గా లేదు. పద్నాలుగు నెలలు రోజూ భయపడ్డాక ఎక్కడో అరిగిపోయిందేమో. ఉన్నదల్లా ఒక్కటే, ఈ ఉద్యోగం పోకూడదు. అది కూడా నా కోసం కాదు, గొంతు కోసం.

మా ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో రక్తం తీస్తుంది. ల్యాబులో ఆమెకో గొంతుంది, చిన్న చీమ కుట్టినట్టుంటుంది అంతే, అటు చూడండి, అయిపోయింది, భలే ఓర్చుకున్నారే, అంటుంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి వెళ్ళి కూర్చుని ఆ గొంతు విని ఆశ్చర్యపోయాను. ఇంట్లో ఆవిడ గొంతు వీధి చివరికి వినబడుతుంది మరి. ఉద్యోగం పోయిన మూడో నెలలో ఆ ల్యాబు గొంతు ఇంటికొచ్చింది. తడి తువ్వాలు మంచం మీద వేస్తే అరవలేదు, తీసి ఆరేసి, పర్లేదులే, నువ్వు పడుకో, అంది. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయి పొంగించేస్తే, పాలే కదా, అంది. ఎక్కడికైనా వెళ్ళొస్తావా, సరదాగా ఉంటుంది, అంది. నాకు ఎక్కడ సూది దిగబోతోందో అని అటూ ఇటూ చూసుకునేవాణ్ణి. చివరికి మా అమ్మాయి కూడా నేర్చుకుంది, దానికి అప్పటికి పదకొండేళ్ళు, బూట్లు బిగువైపోయాయి కదే, కొందాం పద, అంటే, నాకేం వద్దులే నాన్నా, నువ్వు టీవీ చూసుకో, అంది అచ్చం అదే గొంతుతో. దాని కాలి వేళ్ళు బూటు ముందు భాగంలో గుబ్బలుగా కనబడుతున్నాయి. ఆ రోజు ఏడ్చాను. అదే ఆఖరు అనుకుంటా.

ఇక్కడ చేరిన మూడో రోజు, తువ్వాలు మంచం మీద పడేసి చొక్కా వెతుక్కుంటుంటే, ఎన్నిసార్లు చెప్పాలి నీకు, మంచమా అది చెరువుగట్టా, అని ఆవిడ వీధి చివరికి వినబడేలా కేకేసింది. అద్దం ముందు నిలబడి నవ్వుకున్నాను. ఈ ఉద్యోగంతో నాకు దక్కింది అదే. ఇవాళ పొద్దున కూడా తిట్టింది, చెత్తబుట్ట బయట పెట్టలేదని. ఇంకా చెప్పలేదు ఆవిడకి, రెండు గదుల సంగతి.

తొమ్మిది వారాలుగా చెప్పనిది అసలు సంగతి. మా టీములో ఇద్దరమే, నేనూ మా లీడరూ. అతనికి అక్క దీర్ఘశ్వాస అని పేరు పెట్టింది, ప్రతి మాటకి ముందు గాలి లోపలికి లాగుతాడు, మనం ఏదో ఘోరం వినబోతున్నామని బిగుసుకుంటే, భోజనానికి వెళ్దామా అంటాడు. తొమ్మిది వారాల కిందట ఒక శుక్రవారం అలాగే గాలి లాగి, నాకు వేరేచోట వచ్చింది, సోమవారం నుంచి రాను, అన్నాడు. మరి నేను? అన్నాను. నిన్నెవరో ఒకరి కింద వేస్తారు, చెప్పి వెళ్తాలే, అన్నాడు. చెప్పాడో లేదో. సోమవారం ఎవరూ ఏమీ అనలేదు. నేను చేస్తున్నది పాలకి మాత్రమే పనికొచ్చే పరికరం, ఆ లీడరు బుర్రలో పుట్టింది, అతనితోనే పోయింది. ఎవరూ ఆపమనలేదు, చెయ్యమనలేదు. మొదటి వారం ఎవరో ఒకరు వచ్చి అడుగుతారని చూశాను. రెండో వారం నేనే వెళ్ళి అడుగుదామని లేచి, పెద్దబ్బాయి గది దాకా వెళ్ళి, పక్కనున్న నీళ్ళ మిషను దగ్గర నీళ్ళు తాగి వచ్చాను. అడిగితే రెండే జరుగుతాయి. ఒకటి, పని ఇస్తారు. రెండు, అయ్యో మీరింకా ఉన్నారా అంటారు. నీళ్ళు తాగడమే మేలనిపించింది. మూడో వారం నుంచి అడగడం ఇంకా కష్టమైపోయింది, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు అని అడుగుతారు కాబట్టి.

ఇక్కడ రోజూ పదింటికి ఏ టీముకా టీము గుండ్రంగా నిలబడాలి. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఏమైనా అడ్డమొచ్చిందా, మూడు ముక్కలు చెప్పి కూర్చోవాలి. నిలబడే చెప్పాలి, కూర్చుంటే మాటలు పెరుగుతాయట. నాకు వలయం లేకుండా పోయింది. ఒక్కణ్ణే నిలబడితే బాగుండదని అక్క వాళ్ళ వలయంలో అంచున నిలబడ్డాను. వాళ్ళ లీడరు నన్ను వేరే టీమువాణ్ణనుకున్నాడు, ఏదో కలిసి పనిచేస్తున్నాడనుకున్నాడు. నా వంతు వచ్చింది. నిన్నటి పనే, ఇవాళ కొనసాగిస్తాను, అడ్డమేమీ లేదు, అన్నాను. బాగుంది అన్నాడు. అంతే, తొమ్మిది వారాలు అదే వాక్యం. ఒక్కోరోజు మార్చి చెబుదామనిపించేది, నిన్న ఏమీ చెయ్యలేదు, ఇవాళా చెయ్యను, అడ్డమంతా నేనే అని. చెప్పినా బాగుందనే అనేవాడేమో. తెర మీద పాత అంకెల పట్టిక తెరిచి పెట్టుకుని, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి జరుపుతూ కూర్చుంటాను. వేలు నొప్పి పుడుతుంది సాయంత్రానికి. ఇంటికెళ్ళాక ఆవిడ అడుగుతుంది, అలసిపోయావా అని. అలసిపోయే ఉంటాను. పని ఉన్న రోజులకన్నా ఎక్కువ.

అక్కకి తెలుసు అనుకుంటా. ఎప్పుడూ అడగలేదు. మధ్యాహ్నం మూడింటికి మాత్రం, ఇదిగో ఈ క్యాబేజీ పట్టుకో, అని చేతిలో పెట్టేది, పట్టుకున్నంతసేపు పనిచేస్తున్నట్టుండేది. ఆమె పని ముక్కుతో. ఫ్రిజ్‌లో ఉన్న చేప, పాలు, గుడ్లు, టమాటాలు, ఒక్కొక్కటీ తీసి వాసన చూసి సున్నా నుంచి పది దాకా ఒక అంకె రాస్తుంది. సున్నా అంటే తాజా, పది అంటే పారెయ్యాలి. డబ్బా ఏమందో పక్కన రాస్తుంది. రెండూ కలవకపోతే ఆమె చెప్పిందే నిజమని డబ్బాని సరిచేస్తారు. అంటే లోకమంతా అమ్ముదామనుకుంటున్న ఆ తెలివంతా అక్క ముక్కే. పెద్దబ్బాయి పెట్టుబడి పెట్టేవాళ్ళని తీసుకొచ్చినప్పుడు మాత్రం ఆమెని ఫ్రిజ్‌ల దగ్గర కనబడొద్దనేవాడు, కాఫీకి వెళ్ళి రండి ఆంటీ, అని. ఆమె వెళ్ళేది. ఆంటీ ముక్కు ఇక్కడే వదిలేసి వెళ్ళనా, అనేది నాతో.

పచ్చ గది తలుపు తెరుచుకుంది. లోపలి మాటలు ఒక్క క్షణం బయటికొచ్చాయి, కుటుంబం లాంటి, అని వినబడింది చిన్నబ్బాయి గొంతు, మళ్ళీ మూసుకుంది. పిలుపుల అమ్మాయి ల్యాప్‌టాప్ గుండెకి హత్తుకుని నా వైపే వస్తోంది. చప్పుడు లేకుండా నడవాలని ప్రయత్నిస్తోంది కానీ చెప్పులు టకటకమంటున్నాయి. వచ్చి, నా బల్ల పక్కన నేల మీద గొంతుక్కూర్చుంది, గదుల్లోంచి కనబడకుండా.

"సర్, మీరిక్కడున్నారేంటి?"

"ఇక్కడే ఉంటాను," అన్నాను.

"అది కాదు సర్. తలుపుల కార్డులు డెబ్భై రెండున్నాయి. పిలుపులు డెబ్భై ఒకటే వెళ్ళాయి. ఇప్పుడే చూశాను, ఒళ్ళంతా చల్లబడింది. మీరెవరి కింద?"

దీర్ఘశ్వాస పేరు చెప్పాను. ఆయన వెళ్ళిపోయారు కదా, అంది. అవునన్నాను. నాలుక్కరుచుకుంది. టీము లీడర్లు పంపిన పేర్లన్నీ కలిపి రెండు లిస్టులు చేశారట. లీడరు లేని మనిషి పేరు ఎవరు పంపుతారు? తెర నా వైపు తిప్పింది. ఒక పట్టిక మీద నీలం, ఇంకో పట్టిక మీద పచ్చ. సరిగ్గా పన్నెండింటికి ఇది అందరికీ మెయిల్లో వెళ్ళిపోతుందని చెప్పింది. ఈలోగా నన్ను ఎక్కడో ఒకచోట రాసెయ్యాలి. ఫౌండర్లకి తెలిస్తే ఆమెని ఏమంటారో.

"ఏది రాయమంటారు సర్?" అంది.

ఇరవై నాలుగేళ్ళుంటాయేమో ఆ పిల్లకి. ముక్కు మీద చెమట. టీనా కాఫీనా అన్నట్టు అడిగింది. నాకు నవ్వూ రాలేదు, ఇంకేమీ రాలేదు. నువ్వే చెప్పమ్మా, అన్నాను. ఆమె ఆలోచించింది, నిజంగానే కనుబొమలు ముడిచి ఆలోచించింది. పచ్చలో రాస్తే లెటర్ తయారు చెయ్యాలి సర్, సంతకాలు కావాలి, పెద్ద ఫౌండరు ఎవరితను అని అడుగుతారు. నీలంలో అయితే ఏమీ అక్కర్లేదు. నలభై అన్నారు కానీ నలభై ఒకటుంటే ఎవరూ తలలు లెక్కపెట్టరు, అంది. అయితే నీలం, అన్నాను. గొంతు నాదేనా అన్నట్టుంది. పద్నాలుగు నెలలు లోకమంతా అడిగిందానికి ఇంత చిన్న మాట చాలిందన్నమాట. ఆమె నా పేరు అడిగి టకటకా కొట్టింది. పక్కన ఒక గడి ఉంది, ఇకపై చేసే పని, అని.

"ఇక్కడేం రాయను సర్?"

 నీలం లిస్టులో అందరికీ ఆ గడి నిండుగా ఉంది. ఏదో ఒకటి రాయండి, ఖాళీగా ఉంటే ఎర్రగా కనబడుతుంది, అడుగుతారు, అంటుండగానే పచ్చ గది అద్దం మీద లోపలినుంచి ఎవరో కొట్టారు. నీళ్ళు కావాలని సైగ. ఆ గదిలో నీళ్ళు పెట్టడం మర్చిపోయినట్టుంది. మీరే నింపేయండి సర్, సీసాలు పట్టుకెళ్ళి ఇచ్చొస్తాను, అని లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, కిందిదాకా చూడకండి, ముప్ఫై ఒకటోది నాదే, అని చెప్పి వెళ్ళింది.

చూశాను. ముప్ఫై ఒకటోది ఆమెదే. పదిహేడోది అక్కది. పచ్చ లిస్టులో కూడా పని అని గడి ఉంది, ఇప్పటిదాకా చేసిన పని. అందులో అక్క తనే రాసి ఇచ్చినట్టుంది ఎప్పుడో, ఆమె మాటలే. ఆరు ఫ్రిజ్‌లూ రోజుకి మూడుసార్లు తెరవడం. ప్రతి వస్తువూ వాసన చూసి అంకె వేయడం. డబ్బా అంకెతో పోల్చడం. పాడైనవి తీసి, ఫ్రిజ్ కడిగి, కొత్తవి సర్దడం. దాని పక్కన ఇంకో గడి, ఈ పని ఎవరికి అప్పగించాలి. ఖాళీ, ఎర్రగా ఉంది. టైము పదకొండు నలభై ఒకటి. లైటు ఆరిపోయింది, నేను కదల్లేదు, తెర వెలుగులో కనబడుతూనే ఉంది. ఆమె వరుసని అక్కణ్ణించి తీసి నీలంలో వేస్తే, అని ఒక ఆలోచన వచ్చింది, వచ్చిందంటే ఎవరో బల్ల మీద పెట్టి వెళ్ళినట్టు వచ్చింది. అవతల చిన్నబ్బాయి ఆమె ముఖం మీదే చెప్పేసి అరగంటయింది. అయినా వేసి చూడొచ్చు. నలభై రెండున్నా ఎవరూ తలలు లెక్కపెట్టరేమో. లెక్కపెడితే, ఎవరు మార్చారని చూస్తారు, నా పేరు చూస్తారు, ఈయనెవరు అంటారు. ఇవన్నీ వరసగా, తొందర లేకుండా అనుకున్నాను. అనుకుంటూనే ఆమె నాలుగు వాక్యాలూ మౌసుతో ఎంచి, కాపీ చేసి, నా గడిలో పెట్టాను. ఎర్ర రంగు పోయింది. తర్వాత వెనక్కి వెళ్ళి, ఈ పని ఎవరికి అన్నచోట నా పేరు కొట్టాను. అక్కడా పోయింది.

ఆ అమ్మాయి తిరిగొచ్చి, చదవకుండానే ల్యాప్‌టాప్ మూసి, థ్యాంక్స్ సర్, అంది.

పన్నెండింటికి ఫోన్లన్నీ మోగాయి. ఈసారి నాది కూడా మోగింది. రెండు గదుల తలుపులూ తెరుచుకున్నాయి. నీలం గదివాళ్ళు బయటికి రావడానికి మొహమాటపడి గుమ్మంలోనే ఆగారు, పచ్చ గదివాళ్ళు ముందు వెళ్ళనీ అన్నట్టు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టబోయి ఆపేశారు. పెద్దబ్బాయి నా పక్కనుంచి వెళ్తూ, భుజం తట్టి, ఇకపై మనందరం ఇంకా గట్టిగా పనిచేయాలి బాస్, అన్నాడు. తలూపాను. మా ఆవిడకి ఫోన్ చేసి ఏం చెప్పాలా అనుకున్నాను. చెప్పడానికేముంది, ఏమీ జరగలేదు. సాయంత్రం తిట్లు అలాగే ఉంటాయి. అది అనుకుంటే హాయిగా ఉండాలి. కాసేపాగి చూశాను, హాయి వస్తుందేమోనని.

అక్క వచ్చింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఫోను చేతిలో పట్టుకుని, మెయిల్ మళ్ళీ ఒకసారి చదివింది, పెదాలు కదుపుతూ.

"నా పని నీకిచ్చారట్రా," అంది.

"అవునక్కా."

"ముందే చెప్పారా నీకు?"

"లేదు. ఇప్పుడే."

అబద్ధం కాదు అని నాకు నేను చెప్పుకోలేదు. ఏమీ చెప్పుకోలేదు. ఆమె కాసేపు ఫ్రిజ్‌ల వంక చూసింది. "పోన్లే. ఎవడో తెలియనివాడికిచ్చి ఉంటే నాకు నిద్ర పట్టేది కాదు. చేపకీ గుడ్డుకీ తేడా తెలియని వెధవలున్నారు ఇక్కడ," అంది. సాయంత్రం నాలుగింటికల్లా కార్డు తిరిగిచ్చేయాలట. కుర్చీ లాక్కొచ్చి ఒకటో ఫ్రిజ్ ముందు వేసింది. నన్నందులో కూర్చోమంది. తను నిలబడింది. "కాగితం తీసుకో. ఉదయం వచ్చిన వెంటనే కాఫీ తాగకూడదు, ముక్కు చచ్చిపోతుంది, రాసుకో. ముందు పాలు, తర్వాత కూరగాయలు, ఆఖర్న చేప. వరస తప్పావంటే అన్నీ చేపలాగే ఉంటాయి." రాసుకున్నాను. నా అక్షరాలు గుండ్రంగా, పొందిగ్గా పడుతున్నాయి. తొమ్మిది వారాల్లో నేను రాసిన మొదటి అక్షరాలు అవి.

తలుపు తెరిచి ఒక గాజు సీసా తీసింది. మూత తిప్పింది. "కళ్ళు మూసుకో. కళ్ళు తెరిస్తే తెలుపు చూసి మోసపోతావు. గట్టిగా పీల్చకు, చిన్నగా. ఊఁ, ఏమొస్తోంది?"

మూసుకున్నాను. చల్లదనం ముక్కుకి తగిలింది. చిన్నగా పీల్చాను. మళ్ళీ పీల్చాను. ఏమీ రాలేదు. ఆమె ఎదురుచూస్తోందని తెలుస్తోంది, ఊపిరి బిగబట్టినట్టుంది. పాత పట్టికలో అంకెలు గుర్తొచ్చాయి, సగటు ఆరున్నర.

"పులిసింది అక్కా. ఆరు, ఏడు ఉండొచ్చు," అన్నాను.

 మూడో ఫ్రిజ్ దగ్గింది. కళ్ళు తెరిచాను. అక్క సీసా వంక చూడటం లేదు, నా వంక చూస్తోంది.

"ఇవి ఇవాళ పొద్దున తెచ్చినవిరా," అంది. తర్వాత మూత పెట్టలేదు, సీసా ఇంకొంచెం దగ్గరికి తెచ్చింది. "పర్లేదు. నాలుగింటిదాకా టైముంది. మళ్ళీ చూడు."